రాలాల్సిన గింజ

పొద్దున్నే బల్లలు తుడిచి, బీరు అమ్మే తోట గేటు తీసే ముందు జెంజీ ఎడమ మడమను తోట మధ్యనున్న గుర్రపు చెస్ట్‌నట్ చెట్టు మొదలుకు ఆనించి కాసేపు నిలబడేది. వయసొచ్చినప్పటినుంచీ బీరు మగ్గులు మోసిన కాళ్లు. మేజోళ్ల కింద నరాలు నీలంగా ఉబ్బి ఉండేవి. ఏటా ఆకురాలే కాలంలో వంటావిడ ఆఫ్రా ఆ చెట్టు గింజల్ని దంచి, సారాలో నానబెట్టి, వడగట్టి ఇచ్చేది. జెంజీ దాన్ని పాదం నుంచి పైకి రుద్దుకునేది. కాళ్లలో నీలం తగ్గేకొద్దీ చెట్టు బెరడు మీద నీలం నరాలు తేలేవి. "అవన్నీ మా జెంజీవే" అని యజమాని కోర్బినియన్ వచ్చినవాళ్లకు చూపించి మురిసిపోయేవాడు, మగ్గులు తనే మోసినట్టు.

గింజ మాత్రం దానంతటది రాలాలి. కర్ర తగలకూడదు. మా ఊళ్లో ఇది పసిపిల్లలకూ తెలుసు.

ఆ ఏడు ఆకుల్ని పురుగు తినేసింది. కాయలింకా పచ్చిగా ఉండగానే, సెప్టెంబరులో చెట్టు మళ్లీ పూసింది. అకాలంలో వచ్చిన ఆ తెల్లపూలు చూసి ఆఫ్రా శిలువ గుర్తు వేసుకుంది. అంతలోనే జెంజీ ఎడమ పిక్క వాచి, వేడెక్కింది.

"డాక్టరు దగ్గరికి పోవే మొండిదానా!"

"చర్చి తిరునాళ్లు అవనీ అక్కా."

"నువ్వు లేకపోతే అన్ని మగ్గులు ఎవరు మోస్తారు?" అన్నాడు కోర్బినియన్. గడకర్ర తెచ్చి ముళ్ల కాయల్ని కొట్టసాగాడు.

"అబ్బాయ్, చెట్టు ఇచ్చింది వేరు, మనం లాక్కున్నది వేరు" అంది ఆఫ్రా. ఆ గింజలు ముట్టనంది. కోర్బినియనే దంచాడు, తనే నానబెట్టి జెంజీకి రుద్దుకోమని ఇచ్చాడు.

తిరునాళ్ల నాడు జెంజీ పడుచుపిల్లలా పరిగెత్తింది. మధ్యాహ్నం ఆఫ్రా వంటింట్లోంచి బయటికొచ్చి చెట్టు వైపు చూసింది. బెరడు మీద ఒక్క నరం లేదు.

"నీ కాళ్లు చూపించవే."

"అసలు కాళ్లున్నట్టే లేదక్కా!" అని నవ్వుతూ జెంజీ లంగా ఎత్తింది. పసిపిల్ల కాళ్లలా తెల్లగా ఉన్నాయి. నీలం గీత ఒక్కటే రవిక అంచు దాటి, మెడ మీదుగా మెల్లగా పైకి పాకుతోంది.

జెంజీ నవ్వు ఆగింది. ఊపిరి అందడం లేదు. ఆఫ్రా ఆమెను చెట్టు కింద కూర్చోబెట్టింది. చిటారు కొమ్మన కర్రకు అందని కాయ ఒకటి మిగిలి ఉంది. కోర్బినియన్ మళ్లీ గడకర్ర అందుకున్నాడు.

"దాన్ని తాకావంటే నీ చెయ్యి విరుస్తా!" అని ఆఫ్రా అడ్డం నిలబడింది.

బ్యాండు ఆగింది. తోటంతా తలలెత్తి చూస్తోంది. గీత దవడ దాకా వచ్చింది. అప్పుడు కాయ పగిలి, నిగనిగలాడే గింజ జెంజీ ఒళ్లో పడింది. ఆమె దాన్ని గుప్పిట పట్టుకుంది. గీత వెనక్కి తగ్గి, మాయమైంది. ఆఫ్రా గట్టిగా ఏడ్చేసింది.

బెరడు మాత్రం ఖాళీగానే ఉంది.

కోర్బినియన్ బల్ల మీద కూలబడి, బూటు తాడు వదులు చేసుకుంటున్నాడు.

"డాక్టరును పిలవక్కా" అంది జెంజీ, అతని మేజోడు అంచు దాటి పైకి పాకుతున్న నీలం గీత వైపు చూస్తూ.

"నీకు తగ్గిందిగా?"

"నాకు కాదు."

కోర్బినియన్ పైకి చూశాడు. చెట్టు మీద ఇంకో కాయ లేదు.