పగటి నిద్ర

పై అంతస్తులో నాలుగేళ్ల పాపను కొట్టి చంపిన మారుతండ్రికి పన్నెండేళ్ల జైలని టీవీలో చెప్పగానే, ముందుగదిలో చేరిన ఇరుగుపొరుగంతా నిప్పు తొక్కిన కోతుల్లా ఎగిరిపడ్డారు. అందరికంటే పెద్ద గొంతు అత్తగారిదే.

"పన్నెండేళ్లేనా! ఆ జడ్జీకి కళ్లు పోయాయా? వాణ్ణి నడిరోడ్డు మీద ఉరి తియ్యాలి. ఏమంటావే?"

రొట్టెల బట్టీలో రాత్రి డ్యూటీకి బయల్దేరిన కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది. రాత్రంతా పనిచేసి పగలు పడుకుంటే, నెత్తిమీద నుంచి ఆ పాప ఏడుపు వినపడేది. కోడలికి నిద్ర చెడుతోందని అత్తగారు చీపురుకర్రతో పైకప్పు పొడిచేవారు. అప్పటికీ ఏడుపు ఆగకపోతే ఒకరోజు విసవిసా మెట్లెక్కి వెళ్లారు.

"అత్తయ్యా, ఆ రోజు పైకెళ్లి వాడితో ఏమన్నారు?"

"ఏమంటానే? ఎలాగోలా ఆ పిల్ల నోరు మూయించు నాయనా, మా అమ్మాయి పడుకోవాలి అన్నాను. తప్పా?"

"మూయించాడుగా! మర్నాటి నుంచి చప్పుడే లేదు. మాట విన్నాడని మీరు పళ్లు కూడా పట్టుకెళ్లి ఇచ్చొచ్చారు. అంబులెన్సు వచ్చి గుమ్మం ముందు ఆగేదాకా నేను హాయిగా గుర్రుపెట్టి పడుకున్నాను. వాడికి పన్నెండేళ్లు తక్కువే, ఒప్పుకుంటాను. మరి మనకెన్నేళ్లు వెయ్యమందాం?"