కొబ్బరికాయ కొట్టేంతసేపు

రక్తపరీక్ష కంటే కౌన్సెలింగే ముఖ్యమని ట్రైనింగులో మాకు నూరిపోశారు. గోపాల్‌పేటలో డీసీఎం వ్యాను డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతుంటే అదంతా గాలికి పోయింది. ఆ బండెక్కబోయేది బెంగళూరుకు మేస్త్రీ పనికి పోయే ఆడవాళ్ల ముఠా. ఒప్పుకున్నవాళ్లందరికీ వేలు పొడిచి హెచ్‌ఐవీ పరీక్ష చేశాను. తర్వాత ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి, "ఏం లేదు, పో" అని నిమిషంలో పంపించేశాను.

చివర ఎస్తేరమ్మ. ఆమె కిట్టు మీద రెండో గీత తేలింది.

"జర కూసో అమ్మా" అన్నాను.

ఆమె కూర్చోలేదు. నా ముఖం చూసింది, గుమ్మం అవతల నిలబడ్డ ముఠాను చూసింది.

"అందర్ని నిమిషంల పంపినవ్ మేడం. నేనొక్కదాన్నే కూసుంటే బయటోళ్లు ఏమనుకుంటరు?" అని గబగబా వెళ్లి బండెక్కేసింది.

నా మీద నాకే ఒళ్లు మండింది. అందరినీ తలా పది నిమిషాలు కూర్చోబెట్టి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. ఇప్పుడు పేరు పెట్టి వెనక్కి పిలిస్తే ఊరంతా చాటింపు వేసినట్టే. మందు వేసుకుంటే హాయిగా బతికే మనిషి, ఏమీ తెలియకుండా వెళ్లిపోతోంది. ఈ ముఠాలు బీచుపల్లిలో ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టనిదే కృష్ణ దాటవు. అక్కడ అందుకోవచ్చని స్కూటీ తీశాను. దారి పొడవునా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

నేను చేరేసరికి అందరూ గుడిలోకి పోయారు. ఎస్తేరమ్మ వాళ్లు చర్చికి పోయేవాళ్లు, అందుకని సామాన్లకు కాపలాగా ఆమె ఒక్కతే ఉంది. ఉన్నమాట చెప్పేశాను. హెచ్‌ఐవీ ఉన్నట్టు కనబడిందని, వనపర్తి దవాఖానలో మళ్లీ పరీక్షించి ఖాయం చేస్తారని, ఉన్నా భయం లేదని, రోజూ రాత్రి ఒక మాత్ర చాలని అన్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"రాత్రిపూట ఒకటేనా?"

"ఒకటే."

"మా ఇంటాయన ఇస్రాయేలు బెంగళూరుల గట్లనే ఏసుకుంటడు. రెండేండ్లాయె. బీపీ బిళ్లలంటడు. డబ్బా మీది కాయితం పీకేసి పెడ్తడు."

"నిజంగా బీపీవే కావచ్చు" అన్నాను. ఆ మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

"నువ్వు ముందుగాల వనపర్తికి నడువు. నేను బస్సుకొస్త" అంది.

ఇంతలో ముఠా వచ్చేసింది. బెంగళూరు దవాఖాన నంబరు అందరికీ ఇవ్వడం మరిచిపోయాను, అందుకే వచ్చానని అబద్ధమాడాను. ఎస్తేరమ్మ బండిలోంచి తన మూట లాగింది.

"నేను రాను మల్లక్కా. ఇంటికాడ పనుంది."

"ఆడ నీ మొగుడు ఎదురుచూస్తుండు గద. ఏమని చెప్పాలె?" అంది మల్లమ్మ, కొబ్బరి ముక్క అందిస్తూ.

"ఎస్తేరు హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకున్నదని చెప్పు."

"గదేం ముచ్చట? అందరం చేయించుకుంటిమి గద."

"గంతే చెప్పు" అంది ఎస్తేరమ్మ, మూట నెత్తిన పెట్టుకుంటూ.