రెండుసార్లు విన్న సగం

నా పదో తరగతి పరీక్షలు ఇంకో నాలుగు నెలలున్నాయనగా నాన్న పనిచేసే బస్సు డిపో మూసేశారు. బస్సుల్ని ఒక ఊరికీ, డ్రైవర్లని ఇంకో ఊరికీ పంపారు. ఏ లెక్కన పంపారో పంపినవాళ్లకే తెలియాలి. వారం గడువిచ్చారు. ఆ వారంలో నాన్న పెద్ద ఆఫీసర్ల గదుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, "మా అమ్మాయికి పరీక్షల ఏడాది సార్, నాలుగు నెలలు ఆగండి సార్" అని బతిమాలుకున్నాడు. వాళ్లు ఆగలేదు. మేం సామాను సర్దుకున్నాం.

కొత్త ఇల్లంటే టైర్ల కొట్టు మీద రెండు గదులు. పొద్దున్న లేచింది మొదలు కింద సుత్తి దెబ్బలు, గాలి మిషను రొద. అమ్మ కిటికీ పక్కన కూర్చుని చొక్కాలకు గుండీలు కుట్టేది. "ఇల్లు బాగానే ఉంది. చెవులు తీసి పక్కన పెట్టుకోగలిగితే ఏ ఇబ్బందీ లేదు" అనేది. నాన్న నవ్వేవాడు కాదు. అంతకుముందు అమ్మ ఏ చిన్న మాటన్నా పగలబడి నవ్వే మనిషి, ఆ ఊరొచ్చాక డ్యూటీ నుంచి రావడం, చెప్పులు విప్పడం, గోడ చూస్తూ కూర్చోవడం, అంతే. నా చదువు తన చేతులారా పాడుచేశానని లోపల కుమిలిపోతున్నాడని నాకు తెలుసు. ఎలా ఓదార్చాలో మాత్రం తెలియలేదు.

స్కూలుకి రెండు బస్సులు మారాలి. గంటా పది నిమిషాలు. చేరడానికి వెళ్లిన రోజు మమ్మల్ని చూసినవాళ్లందరూ ఒకటే మాటన్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ "ఇప్పుడా?" అన్నాడు. గుమాస్తా "ఇప్పుడా?" అన్నాడు. హెడ్మిస్ట్రెస్ కళ్లజోడు సర్దుకుని మరీ "ఇప్పుడా?" అంది. సినిమాకి సగంలో వచ్చి సీట్లు వెతుక్కునే వాళ్లలా నిలబడ్డాం. చివరికి చేర్చుకున్నారు. వెనక బెంచీలో చోటు చూపించారు.

ఆ బెంచీలో నా పక్కమ్మాయి పేరు పొట్టి. క్లాసు మొత్తంలో తనే అందరికన్నా పొడుగు కాబట్టి ఆ పేరు పెట్టారు. మొదటి పీరియడు లెక్కలు. మాస్టారు మోచేతుల దాకా సుద్దపొడి పూసుకుని, వచ్చీ రాగానే బోర్డు మీద మూడు, ఏడు, పదకొండు అని రాసి, "ఇలా పోతే ముప్ఫయ్యో పదం ఎంత?" అన్నారు. ఎవరూ పలకలేదు. పాత స్కూల్లో రెండు నెలల కిందే ఆ శ్రేఢుల పాఠం అయిపోయింది. వెనక నుంచి నేను "నూట పంతొమ్మిది" అన్నాను.

మాస్టారు తల తిప్పి చూశారు. ఇంకొకటి ఇచ్చారు. అదీ చెప్పాను. "ఎక్కడ దాక్కున్నావమ్మా ఇన్నాళ్లూ?" అన్నారు. క్లాసంతా నావైపు తిరిగింది. పాత స్కూల్లో నేను నలభై మందిలో ఇరవై రెండో దాన్ని. టీచర్లకు నా పేరు గుర్తుండేది కాదు, నామీద కోపమూ ఉండేది కాదు. అలాంటిదాన్ని ఒక్క పీరియడులో ముందు బెంచీకి వచ్చేశాను. నిజం చెప్పొద్దూ, బావుంది. ఒళ్లు హూనమయ్యేలా రెండు బస్సులు మారి వచ్చినందుకు ఏదో ఒకటి దక్కిందనిపించింది.

అలా రెండు వారాలు గడిచాయి. ఆయన ఏది మొదలుపెట్టినా నాకు ముందే తెలిసిందే. శ్రేఢులు అయ్యాయి, వర్గ సమీకరణాలు మొదలయ్యాయి. అవీ వచ్చు. బోర్డు దగ్గరికి పిలిచి నాచేత లెక్కలు చేయించేవారు. "చూడండి, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల" అని మిగతావాళ్లను దెప్పేవారు. ఆయన మునగచెట్టు ఎక్కించారు, నేను ఎక్కి కూర్చున్నాను.

మూడోవారంలో అన్నం తినేటప్పుడు పొట్టిని అడిగాను. "అయిదో పాఠం అయ్యాక త్రికోణమితి మొదలుపెడతారా?"

"త్రికోణమితా? అదెప్పుడో అయిపోయిందిగా."

"ఎప్పుడు?"

"స్కూలు తెరిచిన కొత్తలోనే. మా సార్ పేరు రివర్సు గేరు, నీకు తెలీదా? పద్నాలుగో పాఠంతో మొదలుపెట్టి ఒకటో పాఠానికొస్తారు. మొదట్లో ఓపికుంటుంది కాబట్టి కష్టమైనవి అప్పుడే కానిచ్చెయ్యాలంటారు. చివర్లో అందరం పడుకునే పాఠాలు చదువుకోవచ్చు."

మా పాత స్కూల్లో అందరిలాగే ఒకటి నుంచి మొదలుపెట్టారు. నేను వచ్చేసరికి ఏడు అయ్యాయి. ఇక్కడ పద్నాలుగు నుంచి ఏడుదాకా వెనక్కి వచ్చేశారు. మిగిలిన ఆరూ నాకొచ్చినవే. అంటే మొదటి సగం నేను రెండుసార్లు వింటాను. రెండో సగం ఎవరి నోటి నుంచీ ఒక్కసారి కూడా వినను. నేను తెలివైనదాన్ని కాను, పాత సినిమా మళ్లీ చూస్తున్నదాన్ని.

ఆ రోజే చెప్పేయాల్సింది. "సార్, ఎనిమిది నుంచి పద్నాలుగు దాకా నాకు రావు" అంటే అయిపోయేది. ఎందుకు అనలేదని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. రేపు చెబుదాం అనుకున్నాను. కానీ ఆ సాయంత్రం నాన్న ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా, "ఏమేవ్, విన్నావా?" అని అమ్మను కేకేశాడు.

నాన్న బస్సు తిరిగేది మా ఇంటివైపు కాదు, మాస్టారి ఇంటివైపు. ఆయన రోజూ ఆ బస్సులోనే స్కూలుకి వస్తారని మాకెవరికీ తెలియదు. ఆ పొద్దున డ్రైవరు సీటు వెనకే కూర్చుని కండక్టరుతో కబుర్లాడుతూ, కొత్తగా ఒక పిల్ల చేరిందనీ, ఇరవై ఏళ్లలో అంత చురుకైన పిల్లను చూడలేదనీ అన్నారట. నాన్నకు ఆగక, ఆ పిల్ల నాదేనని చెప్పాడట.

"లేచి నిలబడి చెయ్యి కలిపాడే ఆయన! బస్సు నడుపుతుంటే చెయ్యి కలిపాడు!"

"చెయ్యి వదిలేసి నడిపారా ఏంటి బస్సు?" అంది అమ్మ.

నాన్న పగలబడి నవ్వాడు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. తర్వాత నా నెత్తిమీద చెయ్యి వేసి, "పాడుచేశాననుకున్నాను తల్లీ. నయం, మంచి చోటికే వచ్చి పడ్డాం" అన్నాడు. ఇంక నేనేం చెప్పను?

నా అంతట నేనే చదువుకుందామనుకున్నాను. పొట్టి నోట్సు అడిగి తెచ్చుకున్నాను. దాని అక్షరాలు దానికే అర్థం కావు. సగం లెక్కలు "సార్ చెప్పినట్టే" అని రాసి వదిలేసింది. బస్సులో నిలబడి పుస్తకం తెరిస్తే ఎవరి మోచెయ్యో పేజీ మీదికొచ్చేది. సీటు దొరికితే నిద్రొచ్చేది. ఇంటికొచ్చి కూర్చుంటే కింద సుత్తి. స్పర్శరేఖలు అనే మాట దగ్గరే నాలుగు రోజులు ఉండిపోయాను. పుస్తకం మీద తల పెట్టి నిద్రపోతే అమ్మ లేపి, "చదివింది చాల్లే, కళ్లు పోతాయి" అనేది. చదివింది చాల్లే అన్నప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. క్లాసులో మాత్రం రోజూ చెయ్యెత్తుతూనే ఉన్నాను. అలవాటైపోయింది.

పరీక్షలు నలభై అయిదు రోజులున్నాయనగా మొత్తం పుస్తకం మీద మోడల్ పరీక్ష పెట్టారు. మొదటి సగం ఒక్క గంటలో రాసేశాను. మిగిలిన రెండు గంటలూ ఏం చెయ్యాలో తెలియక, రెండో సగంలోని ప్రశ్నలనే అందంగా తిరిగి రాసి, కింద గీతలు కొట్టి, బొమ్మలకు పేర్లు పెట్టాను. వందకి నలభై ఆరు వచ్చాయి. అందులో మొదటి సగానివి నలభై ఆరు.

మాస్టారు నన్ను వరండాలోకి పిలిచారు. తిట్టలేదు. తిట్టినా బావుండేది. "ఏమైందమ్మా? సగం దాకా నిప్పులా రాశావు. ఒంట్లో బాలేదా?" అన్నారు.

"కళ్లు తిరిగాయి సార్" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం.

మర్నాడు సాయంత్రం నేను స్కూలు నుంచి వచ్చేసరికి నాన్న ఇంట్లో ఉన్నాడు. యూనిఫాం కూడా మార్చలేదు. ఎవరినో బతిమాలి డ్యూటీ మార్చుకుని వచ్చేశాడట.

"పద, డాక్టరు దగ్గరికి. కళ్లు తిరుగుతున్నాయటగా. మీ మాస్టారు చెప్పారు."

"నాకేం కాలేదు నాన్నా."

"ఏం కాకపోతే ఎందుకు తిరుగుతాయి? సరిగ్గా తినట్లేదు, రెండు బస్సులు మారుతున్నావు. అంతా నా వల్లే. పద."

అంతా నా వల్లే అన్నాడు చూడండి, అక్కడ నా వల్ల కాలేదు. "నాకు సగం పుస్తకం రాదు నాన్నా" అన్నాను.

అమ్మ నోట్లో దారం అలాగే పట్టుకుని మావైపు చూసింది. నాన్నకు అర్థం కాలేదు. పుస్తకం తెచ్చి, మధ్యలో వేలు పెట్టి చూపించాను. "ఇక్కడిదాకా రెండుసార్లు చెప్పారు. ఇక్కణ్ణుంచి అట్టదాకా ఒక్కసారి కూడా చెప్పలేదు."

"మరి నీకు అన్నీ వచ్చన్నారే ఆయన?"

"ఆయన అడిగినవన్నీ వచ్చు."

నాన్న ఆ పుస్తకం తీసుకుని రెండో సగం పేజీలు కాసేపు తిప్పాడు. ఆయనకు లెక్కలు రావు. "నాకెందుకు చెప్పలేదు తల్లీ?"

"నువ్వు ఆ రోజు నవ్వావు నాన్నా. ఈ ఊరొచ్చాక అదే మొదటిసారి."

నాన్న కిందికి వెళ్లి టైర్ల కొట్టు ముందు చాలాసేపు నిలబడ్డాడు. పైకొచ్చాక, "రేపు సెలవు పెడతాను" అన్నాడు. "ఇస్తారా?" అంది అమ్మ. "ఇవ్వకపోతే మాననీ. నేను మాత్రం వెళ్తాను" అన్నాడు.

మర్నాడు స్టాఫ్ రూములో మాస్టారి ఎదురుగా నిలబడ్డాం. నాన్న చేతులు కట్టుకుని, "మాస్టారూ, మా అమ్మాయి మీరనుకున్నంత తెలివైంది కాదండీ" అని మొదలుపెట్టాడు. నా బతుకులో అంత సిగ్గుపడ్డ క్షణం ఇంకోటి లేదు. మాస్టారు నవ్వి, "అదేం మాట డ్రైవరుగారూ" అన్నారు. నాన్న నావైపు చూశాడు. నేను తల దించుకుని, పాఠాల నంబర్లు చెప్పాను. అక్కడ ఏవి అయ్యాయో, ఇక్కడ ఏవి అయ్యాయో.

మాస్టారి నవ్వు ఆగిపోయింది. వేళ్ల మీద ఒకసారి లెక్కపెట్టుకున్నారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. పక్క బల్ల టీచరమ్మ పేపర్లు దిద్దడం ఆపి మావైపు చూసింది.

"నాలుగేళ్ల కింద ఒకమ్మాయి వచ్చింది" అన్నారు చివరికి. "ఇలాగే మధ్యలో. ఇలాగే అన్నిటికీ చెయ్యెత్తేది. పరీక్ష తప్పింది. పొగరెక్కి పుస్తకం ముట్టుకోలేదని అందరి ముందూ తిట్టాను డ్రైవరుగారూ. వాళ్ల నాన్న ముందు కూడా తిట్టాను. ఆ పిల్ల ఏమీ అనలేదు. ఎందుకు తప్పిందో నాకు ఇవాళే తెలిసింది."

మాస్టారు నావైపు తిరిగారు.

"మొదటిరోజే అడగాల్సింది. మీ స్కూల్లో ఎక్కడిదాకా అయిందమ్మా?"

నేను ఆ ఊళ్లో అడుగుపెట్టి మూడు నెలలు కావొస్తోంది. ఆ మాట ఎవరూ అడగలేదు. "ఏడో పాఠం దాకా సార్" అన్నాను. అంతే, అందరి ముందూ భోరుమని ఏడ్చేశాను.

ముప్ఫై ఎనిమిది రోజులు మిగిలాయి. రోజూ స్కూలయ్యాక గంటసేపు ఖాళీ క్లాసులో నన్నొక్కదాన్నీ కూర్చోబెట్టుకుని చెప్పారు. ఆయనా అలిసిపోయి ఉండేవారు, నేనూ అలిసిపోయి ఉండేదాన్ని. కొన్నిరోజులు ఇద్దరం ఆవలిస్తూనే లెక్కలు చేశాం. ఈసారి ఎనిమిదో పాఠం నుంచి వరసగా ముందుకే వెళ్లారు. పన్నెండు దాకా వచ్చేసరికి రోజులు అయిపోయాయి.

లెక్కల్లో అరవై ఒకటి వచ్చాయి. ఫలితాలొచ్చిన రోజు నాన్న ముందురాత్రి డ్యూటీ చేసి కూడా నాతో స్కూలుకొచ్చాడు. బోర్డు మీద అంకె చూసి, అడ్డొచ్చిన వాళ్లందరికీ చెప్పాడు, వాచ్‌మన్‌కి కూడా. నాకు మాత్రం సంతోషం కన్నా ముందు నిద్ర వచ్చింది. ఎక్కడైనా కాసేపు పడుకుంటే చాలనిపించింది.

మాస్టారు స్టాఫ్ రూములో ఒక్కరే ఉన్నారు. మార్కుల కాగితం చేతికిచ్చి కాళ్లకు దణ్ణం పెట్టబోతే వద్దన్నారు. నా మార్కులు చూసి తలాడించారు. కాగితం తిరిగి ఇవ్వలేదు.

"ఆ అమ్మాయికి ముప్ఫై రెండు వచ్చాయి" అన్నారు. "మూడు మార్కులు తక్కువ. ఒక్క పాఠం చెప్పినా గట్టెక్కేది."

నేను కాగితం కోసం చెయ్యి చాపి, ఆయన ఇచ్చేదాకా అలాగే నిలబడ్డాను.