సైరన్ కూసిన దిక్కుకు

టార్చిలైట్లలో కొత్త సెల్లులు వేయించాలి, మైకున్న ఆటోను మళ్లీ పిలవాలి, గ్రంథాలయం కిటికీలకు నల్లగుడ్డలు కట్టించాలి, ప్రథమ చికిత్స పెట్టెలో దూది తక్కువైంది తెప్పించాలి, ఐదింటికి సైరన్ మోగేసరికి బజార్లో ఒక్క మనిషి కనబడకూడదని ఇంటింటికీ ఇంకోసారి చెప్పాలి, దేవవ్వను ఇంట్లో ఉంచాలి, ఈ చివరిదొక్కటే మిగిలింది, మిగతావన్నీ పొద్దున్నుంచి అయిపోతూ వచ్చాయి, ఇది మాత్రం చెప్పులో రాయిలా అడుగడుగుకీ తగులుతోంది, నువ్వు చెబితే వింటుందమ్మా అన్నారు నిన్న నిరంజన్ సారు, డ్రిల్లు జరిపించడానికి జిల్లా నుంచి వచ్చిన ఆఫీసరు ఆయన, నేను వాలంటీరును, సరిహద్దులో కాల్పులు మొదలయ్యాయి కాబట్టి నిజంగానే విమానాలు వస్తే ఏం చేయాలో జనానికి ముందే అలవాటు కావాలని ఈ డ్రిల్లు, నువ్వు చదువుకున్నదానివి అని కూడా అన్నారు, అవును, బాయిలో బొగ్గు తవ్వే కొమురెల్లి బిడ్డ మమతారాణి ఎమ్మే చదివింది, మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే, గ్రూప్స్ రాసేవాళ్లకు గ్రంథాలయంలో అంతర్జాతీయ వ్యవహారాలు చెబుతాను, ఏ జలసంధి మూసుకుంటే ఎవరికి చమురు ఆగుతుందో, ఏ ఒప్పందం ఎందుకు నిలబడలేదో, భద్రతా మండలిలో ఎవరు అడ్డం చెబితే తీర్మానం వీగిపోతుందో, గోడ మీది పటానికి స్కేలు ఆనించి చూపిస్తాను, అలాంటిదానికి ఒక ముసలామెను కాసేపు ఇంట్లో కూర్చోబెట్టడం ఎంత పని, కానీ అడుగు ముందుకు పడటం లేదు, ఎండ ఇంకా తగ్గలేదు, మంథని బస్సు లేపిన దుమ్ము ఇంకా గాలిలోనే ఉంది, నిన్న ఇదే బజారు.

నిన్న ఐదింటికి సైరన్ మోగింది, ఎక్కుతూ దిగుతూ, నేను మైకులో చెప్పినట్టే, కిటికీలు వేసుకోండి, మంచం కిందికో బల్ల కిందికో పోండి, బయటికి రావద్దు అని క్వార్టర్ల ప్రతి లైనులో చెప్పి వచ్చాను, అయితే మా కాలనీకి ఉన్న సైరన్ ఒకటే, అది బాయి మీదుంది, బాయి అంటే మాకు బొగ్గుగని, షిఫ్టు మారే వేళకు అది కూస్తుంది, వేళ కాని వేళ కూసిందంటే లోపల బండ కూలిందని అర్థం, ఆ అర్థం పుట్టినప్పటి నుంచి ఒంట్లో ఉంది, నా మైకు మాట పొద్దుటిది, ముందు బయటికొచ్చింది దేవవ్వ, డెబ్బై దాటిన మనిషి, కొంగు నడుముకు చుట్టి, చేతిలో నిండు నీళ్ల చెంబుతో బాయి దిక్కుకు ఉరికింది, ఆమెను చూసి పక్క క్వార్టరు శ్యామలక్క, శ్యామలక్కను చూసి లైను లైనంతా, నేను విజిల్ ఊదుతూ, లోపలికి పోండి ఇది ఉత్తదే అని అరుస్తూ, అరుస్తూనే, రెండో షిఫ్టు కదా, బాపు, మా నాన్న, లోపలున్నాడు కదా అనుకున్నాను, అంతే, డ్రిల్లని తలకు తెలుసు, కాళ్లకు తెలియలేదు, విజిల్ పళ్ల మధ్యే ఉంది, నేను కూడా పరుగెత్తుతున్నాను, మొన్ననే క్లాసులో చెప్పాను, కీవ్ నగరంలో సైరన్ మోగితే జనం మెట్రో స్టేషన్లలోకి దిగుతారని, అక్కడ దుప్పట్లు పరిచి పిల్లల్ని పడుకోబెడతారని, అక్కడ సైరన్ మోగితే భూమిలోకి పోతారు, ఇక్కడ సైరన్ మోగితే భూమిలో ఉన్నవాళ్ల కోసం పోతాం, ఆ మాట పరుగులోనే తట్టింది, ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు.

బాయి గేటు దగ్గర నిరంజన్ సారు గడియారం చూసుకుంటూ నిలబడ్డారు, ఖాళీ బజారు చూద్దామని, చూస్తే కాలనీ మొత్తం ఆయన ముందే ఉంది, దేవవ్వ గేటు కింది ఇనుప పట్టా తగిలి మోకాళ్ల మీద పడింది, పడుతూ కూడా చెంబు పైకెత్తి పట్టుకుంది, నీళ్లు సగమే ఒలికాయి, లేవకుండానే అడిగింది, లోపల ఎంతమంది ఉన్నరు సారూ, శ్యామలక్క ఊపిరి కూడదీసుకుని, బాంబేసేటోనికి ఎంత అల్కగ దొరికినమే మమతా, ఎతుక్కునే పని లేకుండ అందరం ఒక్కకాడ్నే నిలవడ్డం అంది, అప్పుడు నవ్వారు అందరూ, ఆ గేటు దగ్గర అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు, ఏడుపుకని వచ్చి అక్కర్లేదని తెలిసిన నవ్వు, సారు మాత్రం నవ్వలేదు, దూది తీసుకుని దేవవ్వ మోకాలి దగ్గర నేల మీద కూర్చుని తుడిచారు, తర్వాత నన్ను పక్కకు పిలిచారు, రేపు మళ్లీ చేద్దాం, ఈమెను మాత్రం బయటికి రానీయకమ్మా, మా అమ్మ ఇలాగే పడి తుంటి విరిగి మళ్లీ లేవలేదు అన్నారు, ఆ మాటలో తప్పేముంది, ఏమీ లేదు, అందుకే సరేనన్నాను, సరేనన్నాను కాబట్టి చెప్పాలి, ఇదిగో ఇల్లు వచ్చేసింది.

దేవవ్వ గడపలో కూర్చుని చింతపండుతో రాగిచెంబు తోముతోంది, మోకాలికి పట్టీ, రా బిడ్డా, కూసో, చాయ్ పెట్టనా అంది, వద్దు పెద్దవ్వా అన్నాను, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక యుద్ధం దగ్గర మొదలుపెట్టాను, క్షిపణులు, డ్రోన్లు, పై నుంచి చూసేవాడికి గుంపు ఎలా కనబడుతుందో, అందుకే ఎవరింట్లో వాళ్లుండటం ఎందుకు మేలో, ఆమె తల ఊపుతూ అంతా వింది, నా క్లాసులో కూడా అంత నిమ్మళంగా ఎవరూ వినరు, నిన్న నీ మైకు మాట మంచిగనే ఇనవడ్డది బిడ్డా, ఉత్తదే అని నాకెరికే అంది, ఎరికుండి ఎందుకు ఉరికినవ్ పెద్దవ్వా అన్నాను, నా నోటికి కూడా ఇంటి మాటే వచ్చింది, ఆమె చెంబు తోమడం ఆపింది, ఆమె భర్త బుచ్చిరాములు నేను పుట్టకముందే బాయిలో పోయాడని తెలుసు, పోయాడనే తెలుసు, ఆ రోజు సైరన్ కూసినప్పుడు ఆమె జొన్నరొట్టెలు చేస్తోందట, లేవబోతే అత్త, కూసో, ఏమన్న అయితే వాళ్లే వచ్చి చెప్తరు అన్నదట, పెద్దమనిషి మాట అని కూర్చున్నదట, మీ పెద్దబాపును పైకి తెచ్చినప్పుడు పానం ఉండె బిడ్డా, నీళ్లు అడిగిండట, మా ఇంటోళ్లు ఎవలన్న వచ్చిండ్రా అని అడిగిండట, అటెనక ఏం అడుగలే.

కాకి ఒకటి ప్రహరీ మీద వాలి ఎగిరిపోయింది, ఎదురింట్లో టీవీ యుద్ధం గురించే అరుస్తోంది, దేవవ్వ చెంబు మళ్లీ చేతిలోకి తీసుకుంది, అప్పట్నించి కూత ఇంటే కూసునుడు నాతోని కాదు, ఆయనకని కాదు, ఆయన ఏడున్నడు, ఎవలో ఒకలు అడుగుతరు గద అంది, నేను ఏడో తరగతిలో ఉండగా బాపు చేయి నలిగింది, ఆ సంగతి ఎప్పుడు చెప్పినా బాపు, పైకి రాంగనే దేవవ్వ నీళ్లు పోసింది అనే మొదలుపెడతాడు, వాన పడుతుండె అన్నట్టు అదీ కథ మొదట్లో వచ్చే ఒక మామూలు మాటే అనుకునేదాన్ని, మా కాలనీలో ఇంకా ఎందరు మగవాళ్లు అలాగే మొదలుపెడతారో, అంతయ్య తాత, శ్యామలక్క భర్త, అందరి కథల్లోనూ మొదటి మాటలో ఈ చెంబు ఉంది, ఇన్నేళ్లు విన్నాను, ఇంత పెద్ద మనిషి పక్క లైనులో ఉంటే పటం మీద ఎక్కడెక్కడో స్కేలు పెట్టాను, ఇంతలో ఆమె అడిగింది, నువ్వు దేశాల పాఠం చెప్తవ్ గద, గా బాంబులు పడ్డకాడికి నీళ్లు ఎవలు తీస్కపోతరు బిడ్డా, క్లాసులో చూపించే వీడియోలు కళ్ల ముందు తిరిగాయి, గోడ కూలుతుంది, పొగ లేస్తుంది, అందరూ ఇటు పరుగెత్తుతుంటారు, ఒకరిద్దరు అటు పరుగెత్తుతారు, గడ్డపారతో, దుప్పటితో, ఉత్త చేతులతో, ఏ దేశపు వీడియోలోనైనా ఉన్నారు, యుద్ధానికి ఈ పక్కనా ఉన్నారు ఆ పక్కనా ఉన్నారు, ఉన్నరు పెద్దవ్వా, నీ అసొంటోళ్లు ఆడ గూడ ఉన్నరు అన్నాను, ఆమె మొహం తేటపడింది, అయితే ఫికర్ లేదు తియ్ అంది.

ఇంట్లో ఉండు అనే మాట నా దగ్గరే ఉండిపోయింది, దాని బదులు, సైరన్ కూయకముందే పోదామా పెద్దవ్వా, ఉరుకుడు లేకుండ, నా చెయ్యి పట్టుకొని మెల్లగ అన్నాను, కూయకముందే పోతరా ఎవలన్న అని నవ్వింది, నవ్వుతూనే చెంబు నింపింది, నా చేతికున్న వాలంటీరు పట్టీ విప్పి ఆమె చేతికి కట్టాను, సన్నటి చేయి, రెండు చుట్లు తిరిగింది, ఇద్దరం బజార్లో నడుస్తుంటే శ్యామలక్క గుమ్మంలోంచి, ఏమే మమతా, సారుతోని తిట్లు తినబుద్ధయితుందా అంది, మళ్లీ తనే, మంచిదే, దేవవ్వ పోతుంది గద, ఇగ మేము ఇండ్లల్లనే ఉంటం అంది, ఆ మాట పక్క గుమ్మానికి, అక్కణ్నుంచి వెనక లైనుకు మాకంటే ముందే పోయింది, గేటు దగ్గర నిరంజన్ సారు మమ్మల్ని చూశారు, ఆమె చేతి పట్టీని చూశారు, మోకాలిని చూశారు, నేను చెప్పబోయాను, ఆయన వినకుండానే లోపలికి పోయి తన కుర్చీ తెచ్చి నీడలో వేశారు, కూర్చోండమ్మా అన్నారు.

ఇప్పుడు సైరన్ మోగుతోంది, ఎక్కుతూ దిగుతూ, బజారు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఖాళీ, ఒక్క తలుపు తెరుచుకోలేదు, బాపు ఈ రోజు కూడా కిందనే ఉన్నాడు, నా కాళ్లు మాత్రం ఆగి ఉన్నాయి, ఎందుకో పక్కకు చూస్తే తెలిసింది, భద్రత అని ఇన్నాళ్లూ చెప్పిన పాఠంలో తప్పు లేదు, పరీక్షలో అదే రాయాలి, కానీ ఇంతమంది ఇళ్లలో నిశ్చింతగా కూర్చున్నది నా మైకు మాటకు కాదు, మనవాళ్లు అడిగే వేళకు అక్కడ ఒక మనిషి ఉంటుందని తెలిసి, మీరు ఏ ఊళ్లో ఉన్నా, టీవీలో ఏ దేశపు సైరన్ విన్నా, ఎవరిది గెలుపని అడిగే ముందు మా దేవవ్వను ఒక్కసారి తలుచుకోండి, చెంబు ఒళ్లో పెట్టుకుని, బాయి దిక్కే చూస్తూ కూర్చుని ఉంది.