ఎడమ తలుపు

కుర్చీ అడుగున తడుముతున్న టార్చమ్మ వేలికి బబుల్‌గమ్ అంటుకుంది. పాత బ్లేడుతో దాన్ని గీకి పారేసి, "వీళ్ళ నోళ్ళు పడిపోను" అనుకుంటూ పక్క కుర్చీకి జరిగింది. ఆమెకు బబుల్‌గమ్ మీద కోపం. నమిలినవాళ్ళ మీద కోపం. తెర చుట్టూ నిచ్చెనలేసుకుని రంగుల బల్బులు కడుతున్నవాళ్ళ మీద మరీ కోపం. ఏడాది పొడుగునా ఎలాగో అణుచుకుని తిరిగే మనిషే గాని, ఈ తేదీ వచ్చిందంటే ఆమె దరిదాపులకు ఎవరూ రారు.

అసలు పేరు సినిమా హాల్లో ఎవరికీ తెలియదు. అడిగినవాళ్ళూ లేరు. పొట్టి మనిషి. చీకట్లో వంగి వంగి దారి చూపించడంతో నడుం ముందుకు ఒరిగిపోయింది. వెలుతుర్లో నడిచినా చూపు నేల మీదే ఉంటుంది. టార్చి మీట ఒరిపిడికి కుడి బొటనవేలు కాయ కాచింది. ఆ ఇత్తడి టార్చి ఆమె అక్కది. ఉద్యోగమూ అక్కదే.

పైన ఆపరేటరు మ్యాట్నీ వేడుక కోసం చేసిన బొమ్మలను తెర మీద వేసి చూసుకుంటున్నాడు. ముందు 'చరిత్రలో ఈ రోజు' అని బంగారు రంగు అక్షరాలు వచ్చాయి. ఈ రోజునే ఒక మహానటుడు పుట్టాడట. ఈ రోజునే ఒక గాయని మొదటి పాట రికార్డయిందట. ఈ రోజునే ఒక హాస్యనటుడికి పెద్ద బహుమతి వచ్చిందట. ఆ మహానటుడి సినిమా ఈ హాల్లో మొదటి ఆట పడిందీ ఈ రోజునేనట. ఆఖరి బొమ్మలో హాలు ముందు ఇసకవేస్తే రాలనంత జనం. ఆ తరవాత తెర తెల్లబడింది.

అదే రోజు సాయంత్రం ఆటలో ప్రొజెక్టరు గది అంటుకుంది. ఆ ముక్క మాత్రం తెర మీదికి రాదు. టికెట్టు లేనివాళ్ళు దూరుతున్నారని అప్పటి యజమాని ఎడమ తలుపుకు బయటినుంచి తాళం వేయించాడు. లోపల టార్చి పట్టుకు తిరిగే మనిషికి ఆ సంగతి చెప్పాలని ఒక్కరికీ తోచలేదు. పొగలో అక్క, హాలువాళ్ళు తనకు నేర్పిన పనే చేసింది. టార్చి ఎత్తి పట్టుకుని, ఇటు రండి ఇటు రండి అని పిలుస్తూ జనాన్ని ఎడమ తలుపు దగ్గరికి తీసుకుపోయింది.

ఆ తరవాత ఊరేమంది? టార్చి పట్టుకుని మరీ అందరినీ చావులోకి తోలుకుపోయిందంది. తాళం వేయించినవాణ్ణి పల్లెత్తు మాట అనలేదు. ఆయన హాలు బాగుచేయించుకుని, చెల్లెలికి అక్క ఉద్యోగమిచ్చి చేతులు దులుపుకున్నాడు. ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవని రోజులు. చెల్లెలు ఆ ఉద్యోగం తీసుకుంది. తీసుకున్నందుకు తనమీద తనకున్నంత కోపం ఆమెకు ఇంకెవరి మీదా లేదు.

ముందు వరసలో అక్క మొగుడు, హాల్లో వడ్రంగి, వదులైన కుర్చీ ఒకటి ఊడదీస్తున్నాడు.

"బావా, వాడు మళ్ళీ ఎడమ తలుపుకు తాళం వేయించాడు. చూశావా?"

"చూశాను."

"చూసి?"

"చిన్నబాబుతో మనకెందుకు?"

"నీకెందుకులే. పోయింది నీ పెళ్ళామేగా."

పానా పట్టుకున్న బావ చెయ్యి ఆగింది. అన్నాక ఆమెకు నాలిక కొరుక్కోవాలనిపించింది, కానీ కోపం కొరుక్కోనివ్వలేదు.

చిన్నబాబంటే పాత యజమాని కొడుకు. ముందు వరస పక్కనే ఉన్న ఆఫీసు గదిలో, తలుపు తెరిచిపెట్టుకుని, మ్యాట్నీలో చదవబోయే ఉపన్యాసం వల్లెవేస్తున్నాడు. టార్చమ్మ వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

"బాబూ, ఎడమ తలుపు తాళం తీయించండి."

"ఇవాళ జనం విరగబడతారమ్మా. తీస్తే సగంమంది ఊరికే దూరిపోతారు."

"మీ నాన్నగారూ ఆ రోజు ఈ మాటే అన్నారు."

"వేడుకపూట ఆ గోల ఇప్పుడెందుకు?"

"అయితే ఆ బొమ్మల్లో ఇంకోటి వేయండి. ఇదే రోజున, ఇదే హాల్లో, తలుపు తెరుచుకోక మనుషులు చచ్చారని."

"అది వినోదం కిందికి రాదు," అన్నాడతను నవ్వుతూనే. "అయినా మూసిన తలుపు దగ్గరికి తీసుకెళ్ళింది మీ అక్క. నాన్న మంచివాడు కాబట్టి నిన్ను పనిలో పెట్టుకున్నాడు. ఇంకా మాట్లాడతానంటే ఇవాల్టితో మానెయ్."

"మానేస్తాను."

ఇన్నేళ్ళూ గొంతులో అడ్డంపడిన మాట అంత తేలిగ్గా వచ్చేసిందేమిటని ఆమెకే వింతగా ఉంది. టార్చి బిగించి పట్టుకుని చుట్టూ తిరిగి పక్కసందులోకి వెళ్ళింది. ఆ తాళాన్ని రాయితోనైనా బద్దలుకొట్టే పోవాలనుకుంది.

తాళం అప్పటికే గొళ్ళెంతో సహా నేలమీద పడి ఉంది. ఎడమ తలుపు బార్లా తెరిచి ఉంది. బయటికి తెరుచుకునే ఆ రెక్కను గోడకు ఆనించి, దానికి అడ్డంగా ఇందాక ఊడదీసిన ముందు వరస కుర్చీని పెట్టి, బావ మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని సిమెంటు గచ్చుకు బోల్టులతో బిగిస్తున్నాడు. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఆఫీసు గదిలో మాటలన్నీ ముందు వరసకు వినపడతాయని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

"టార్చి ఇటు పట్టు," అన్నాడు. "బోల్టు కనపడటం లేదు."

రెండు ఎత్తు గోడల మధ్య ఆ సందులో పగలైనా మసకే. ఆమె వంగి వెలుగు వేసింది.

"అది సరైన తలుపే చూపించింది," అన్నాడు బావ, పానా తిప్పుతూ. అక్క పోయాక అక్క గురించి అతను మాట్లాడటం అదే మొదలు. ఆమె ఏడవలేదు. బోల్టు బిగిసేదాకా టార్చి కదలనివ్వలేదు.

మ్యాట్నీకి జనం తోసుకుంటూ వచ్చారు. సంగతి తెలిసి చిన్నబాబు పరుగెత్తుకొచ్చి, బల్బులు కట్టేవాళ్ళ చేత కుర్చీని లాగించాడు, తన్నించాడు. అది అంగుళం కదల్లేదు. అక్కడొక కాపలా మనిషిని నిలబెట్టి, ఇద్దరినీ నానా మాటలూ అని, వేదిక మీదికి వెళ్ళి నవ్వుతూ దణ్ణం పెట్టాడు.

తెర మీద మహానటుడు పుట్టాడు, గాయని పాడింది, హాస్యనటుడు బహుమతి అందుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. తెర తెల్లబడగానే టార్చమ్మ, కాపలా మనిషి తప్ప ఎవరూ చూడకుండా, ఎడమ తలుపులోంచి బయటికి నడిచింది. పనిముట్ల సంచి భుజాన వేసుకుని బావ వెనకే వచ్చాడు. టార్చి ఆమె చేతిలోనే ఉంది. అది హాలుది కాదు.

ఆట వదిలాక జనం ఆ తలుపులోంచి కూడా కబుర్లు చెప్పుకుంటూ బయటికి వచ్చారు. గచ్చు మీద, వీధివైపు మొహం పెట్టి, ఎర్ర రెక్సిన్ కుర్చీ ఒకటి తలుపు రెక్కను గోడకు నొక్కిపట్టి ఉంది.