తూపీ ఎంచుకున్న గొర్రె

కాపలా కుక్కను ఎలా పెంచాలో ఆ లోయలో ఎవరికైనా సందేహం వస్తే, వాళ్ళు అడిగేలోపే ఫిర్మెన్ వచ్చి చెప్పేసేవాడు. పిరెనీస్ కొండల్లో ఎలుగుబంట్లు ఇక లేవని అందరూ నిశ్చింతగా ఉన్న రోజుల్లో ప్రభుత్వం వాళ్ళు స్లొవేనియా నుంచి కొత్తవి తెచ్చి వదిలారు. అప్పుడు అతనూ అందరిలాగే రంగు డబ్బా, బ్రష్షు పట్టుకుని రోడ్డు మీద "ఎలుగు వద్దు" అని పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. ఎలుగులకు చదువు రాదు కాబట్టి అవి వచ్చాయి. ఆ తర్వాత ఎక్కడో కాపలా కుక్కల శిక్షణ ఇస్తున్నారంటే వెళ్ళి రెండు పూటలు కూర్చుని వచ్చాడు. ఆ రెండు పూటల చదువు మీద కొన్నేళ్ళపాటు ఉపన్యాసాలిచ్చాడు.

పాఠం చిన్నదే. తెల్లకుక్క పిల్లను పాలు మానగానే తెచ్చి గొర్రెల దొడ్లో వదిలెయ్యాలి. తిండి అక్కడే, నిద్ర అక్కడే. దాన్ని ముద్దు చెయ్యకూడదు, ఒళ్ళో పెట్టుకోకూడదు, వంటింటి గడప తొక్కనివ్వకూడదు. అప్పుడది గొర్రెలే తన వాళ్ళనుకుని, వాటి జోలికొస్తే ఎలుగునైనా నిలదీస్తుంది. మనిషి చేతి రుచి మరిగిందా, ఇక మందకు పనికిరాదు.

"చెయ్యి వేశావా, కుక్క పోయినట్టే" అనేవాడు ఫిర్మెన్, వేలు ఆడిస్తూ. పాపం పక్క ఊరి కుర్రవాడొకడు తన కుక్కపిల్ల తల నిమురుతుంటే సంతలో నలుగురి ముందూ చీవాట్లు పెట్టాడు.

చివరికి తనూ ఒక కుక్కపిల్లను తెచ్చుకున్నాడు. తెల్లగా, గుండ్రంగా ఉండేసరికి దానికి తూపీ అని పేరు పెట్టాడు. అక్కడి మాటలో తూపీ అంటే మట్టికుండ. పాఠం ప్రకారం దాన్ని దొడ్లో గొర్రెల మధ్య దించి, వెనక్కి చూడకుండా ఇంటికొచ్చాడు. కుండ ఏడవడం మొదలుపెట్టింది. ఫిర్మెన్ సూప్ తాగాడు. కుండ ఇంకా ఏడుస్తూనే ఉంది. గొర్రెలు తిన్నాయో లేదో చూసొస్తానని లేచి వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు కోటు ముందు భాగం ఉబ్బెత్తుగా ఉంది.

భార్య ఒదీల్ ఆ ఉబ్బెత్తు వైపు ఒకసారి, మొగుడి ముఖం వైపు ఒకసారి చూసింది.

"ఈ ఒక్క రాత్రికేలే. బయట మంచు పడుతోంది" అన్నాడు ఫిర్మెన్.

"నేనేమన్నానయ్యా?" అంది ఒదీల్. "శిక్షణకి వెళ్ళొచ్చింది నువ్వు."

ఆ ఒక్క రాత్రి వసంతం దాకా సాగింది. పగలు తూపీ దొడ్లోనే ఉండేది, ఊళ్ళో వాళ్ళు చూస్తారు గనక. చీకటి పడితే పొయ్యి పక్కన ఫిర్మెన్ పాదాల మీద. జున్ను చెక్కు దానికి, లోపలి మెత్తటిది అతనికి. కొన్నాళ్ళకు ఆ వాటాలు తారుమారయ్యాయి. ఉపన్యాసాలు మాత్రం ఆపలేదు. నిజానికి వాటి జోరు ఇంకా పెరిగింది. తప్పు చేస్తున్నవాడికి ఆ తప్పు గురించి ఎంత వివరంగా తెలుస్తుందో ఫిర్మెన్‌కు ఆ చలికాలంలోనే అర్థమైంది.

జూన్ వచ్చింది. అయిదు ఇళ్ళ గొర్రెలు ఒకే మందగా కలిసి పై కొండల మేతకు వెళ్ళాలి. కాపరి ఫిర్మెన్. ఆ కాపరిపని కోసం అతను చాలా ఏళ్ళు ఎదురుచూశాడు. ఆ అయిదిళ్ళ సంఘం పెద్ద సొలేన్ అతన్ని ఎంచుకోవడానికి కారణం కూడా కుక్కల విషయంలో అతని పరిజ్ఞానమే. ముప్పై అయిదేళ్ళ పిల్ల, తక్కువ మాటలు, ఆమె కుక్కలు మందను వదిలి అంగుళం కదలవు. ఫిర్మెన్‌ను బాబాయ్ అంటుంది. "నీ కుక్క ఉంది గనక మా కుక్కల్ని రెండో కొండ మీది మందకి పంపిస్తాం బాబాయ్, మొత్తం నీ మీదే వదిలేస్తున్నా" అంది. ఫిర్మెన్ గంభీరంగా తలూపాడు.

పైకి వెళ్ళాక తూపీ తన ఉద్యోగంలో చేరిపోయింది. ఏడాది కూడా నిండకుండానే దూడంత అయింది, గొంతు లోయంతా వినిపించేది. పగలూ రాత్రీ రెప్ప వెయ్యకుండా కాపలా కాసేది, ఫిర్మెన్‌ని. రాతి గుడిసె గుమ్మానికి అడ్డంగా పడుకునేది. కొండలెక్కే యాత్రికులు దారి అడగడానికొస్తే పళ్ళు చూపించేది. ఒకసారి ఓ ముసలి గొర్రె ఉప్పు కోసం అతని చెయ్యి నాకబోతే, దాన్ని గుర్రుమని వెనక్కి తరిమింది. గొర్రెల బారి నుంచి మనిషిని కాపాడే కుక్క ఆ కొండల్లో అదొక్కటే.

కుక్కను మంద వైపు మళ్ళించడానికి ఫిర్మెన్ తనకొచ్చిన విద్యలన్నీ వాడాడు. కుక్క ముఖం చూడటం మానేశాడు. అది అతని ముఖం చూడటం మానలేదు. తిండి గిన్నె తీసుకెళ్ళి మంద మధ్యలో పెట్టాడు. అది గిన్నెను నోట కరుచుకుని గుమ్మం దగ్గరికి తెచ్చుకుని తింది. గొర్రెతోలు కప్పుకుని మందలోకి వెళ్ళొచ్చాడు. ఆ రోజు గొర్రెలే అతన్ని చూసి పరుగెత్తాయి.

మూడో వారంలో ఒక తెల్లవారుజామున తలుపు తీసేసరికి తూపీ ఎప్పటిలాగే గుమ్మంలో ఉంది, తోక ఊపింది. రాత్రిళ్ళు మందను ఉంచే కరెంటు కంచె అవతల ఒక గొర్రె చచ్చిపడి ఉంది. పొదుగు చీల్చి తినేసి ఉంది, అది ఎలుగు తినే పద్ధతి. చెవికి సొలేన్ వాళ్ళ గుర్తు. ఫిర్మెన్ దాని పక్కన కూర్చుండిపోయాడు. పోయిన ఏడు వాళ్ళ దొడ్లో అది ఈనలేకపోతుంటే చెయ్యి పెట్టి పిల్లను లాగింది తనే. ఇప్పుడు దాని చావుకు కారణం పొయ్యి పక్క కూర్చుని తను తినిపించిన జున్నే. అతనికి ఎలుగు మీద కోపం రాలేదు. కోపం తెచ్చుకునే హక్కు లేదనిపించింది.

సొలేన్ ఆ మధ్యాహ్నానికే పైకెక్కి వచ్చింది. గొర్రెను చూసింది, గుమ్మంలో పడుకున్న కుక్కను చూసింది, ఆ కుక్క తనమీద మొరగడం చూసింది. అన్నీ అర్థమయ్యాయి.

"ఇంట్లో పెంచావా బాబాయ్?"

"కొంచెం" అన్నాడు ఫిర్మెన్.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునని అతను అనుకున్నాడు. మళ్ళీ తను మందకు ఉప్పు తెచ్చేనాటికి కుక్క మందలో కనిపించాలని, లేకపోతే దాన్ని అమ్మినవాళ్ళకే తిరిగి ఇచ్చెయ్యాలని, కాపరిగా ఇంకొకర్ని చూసుకుంటామని చెప్పింది. మిగతా ఇళ్ళ వాళ్ళ తరఫున మాట్లాడుతున్నట్టు నెమ్మదిగా, మర్యాదగా చెప్పింది. కాపరిపని పోతే ఊళ్ళో తలెత్తుకోలేనని ఫిర్మెన్‌కు తెలుసు. కానీ ఆమె దిగి వెళ్ళాక అతను చాలాసేపు ఆలోచించింది తలెత్తుకోవడం గురించి కాదు. తూపీని బండి ఎక్కించి తలుపు వేసే క్షణం గురించి.

ఉప్పు రావలసిన రోజున పొగమంచు దిగింది. మిట్టమధ్యాహ్నం చెయ్యి చాపితే వేళ్ళు కనబడటం లేదు. గొర్రెలు ఎక్కడున్నాయో మెడగంటల చప్పుడును బట్టి తెలుసుకుంటూ ఫిర్మెన్ వాలు మీద నిలబడ్డాడు, తూపీ అతని మోకాలికి ఆనుకుని నిలబడింది. ఉన్నట్టుండి గంటలన్నీ ఒక్కసారి మోగి, ఒక్కసారి ఆగిపోయాయి. తూపీ వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. మంచులోంచి, రాయి దొర్లే చప్పుడు, తర్వాత ఊపిరి చప్పుడు, తర్వాత గోధుమరంగు భుజం ఒకటి.

ఎలుగు ఎదురైతే ఏం చెయ్యాలో కూడా ఫిర్మెన్ పది మందికి చెప్పినవాడే. పరుగెత్తకూడదు. నెమ్మదిగా మాట్లాడుతూ వెనక్కి నడవాలి.

ఫిర్మెన్ పరుగెత్తాడు. ఎటు అంటే, తనకూ ఎలుగుకూ మధ్య వీలైనన్ని గొర్రెలు ఉండేటట్టు పరుగెత్తాడు. మంద మధ్యలోకి దూరి, మోకాళ్ళ మీద పడి, దొరికిన గొర్రె మెడ కావలించుకుని, తల దాని ఉన్నిలో దాచుకున్నాడు. నలభై ఏళ్ళుగా గొర్రెల్ని కాస్తున్నవాడు ఆ క్షణాన ఒక్క గొర్రె గురించీ ఆలోచించలేదు.

తూపీ మాత్రం తన ఉద్యోగం తాను చేసింది. ఫిర్మెన్ ఎక్కడుంటే అక్కడ దాని కాపలా. ఇప్పుడు ఫిర్మెన్ మంద మధ్యలో ఉన్నాడు గనక, మంద మొత్తానికీ చుట్టూ తిరిగింది. ఆ మొరుగుడికి కొండ మారుమోగింది. ఎలుగు ఎటు వచ్చినా అది ముందే అక్కడ ఉంది. కాసేపటికి రాళ్ళు దొర్లే చప్పుడు కింది అడవి వైపు తగ్గిపోయింది. గొర్రెలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నిలబడే ఉన్నాయి, ఒక్కదానికీ గీత పడలేదు.

ఉప్పు బస్తాల గాడిదతో వస్తున్న సొలేన్ ఆ మొరుగుడు పట్టుకుని పైకి వచ్చింది. మంచు పలచబడుతోంది. మంద చుట్టూ నాలుక వేలాడేసుకుని తిరుగుతున్న కుక్కనూ, మధ్యలో మోకాళ్ళ మీద ఉన్న కాపరినీ చూసి ఆగిపోయింది.

ఎలుగుకు ఎదురెళ్ళి గొర్రెల్ని కాపాడానని చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు. ఫిర్మెన్ నోరు తెరిచాడు కూడా. కానీ బతుకంతా ఉపన్యాసాలిచ్చినవాడికి ఆ ఒక్కసారి అబద్ధం రాలేదు.

"దాక్కుందామని దూరానమ్మాయ్" అన్నాడు. "భయమేసి."

"కనబడుతూనే ఉందిలే బాబాయ్" అంది సొలేన్. గొర్రెల్ని ఒకసారి కళ్ళతో చూసుకుంది, కుక్కను చూసింది, మళ్ళీ అతన్ని చూసింది. "నువ్వు ఎందుకు దూరితే నాకేం? అది నిన్ను కాస్తోంది, నువ్వు గొర్రెల్లో ఉన్నావు. ఇకమీదట నువ్వు గొర్రెల్లోనే ఉండు."

అది పరిహాసం కాదు, సంఘం నిర్ణయం. ఆ సాయంత్రం నుంచే అతని పడక కరెంటు కంచె లోపలికి మారింది. కుక్కను తిరిగి పంపే మాట ఎవరూ ఎత్తలేదు. వేసవి అంతా ఫిర్మెన్ మంద మధ్యన తిన్నాడు, మంద మధ్యన పడుకున్నాడు, తూపీ అతని వీపుకు ఆనుకుని పడుకుంది. వాసన సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఒకసారి బట్టలు తెచ్చిన ఒదీల్ కంచె బయటే నిలబడి మాట్లాడింది.

"కుక్కపిల్లని గొర్రెల్లో వేసి పెంచాలన్నావు. మొత్తానికి నిన్ను వేసి పెంచుతున్నారు" అంది. "వంటింట్లోకి మళ్ళీ ఎప్పుడు రానిస్తారో అడిగి చెప్పు."

ఎలుగు ఇంకో రెండుసార్లు వచ్చి, మొరుగుడు విని పోయింది. ఆ ఏడు మళ్ళీ గొర్రె పోలేదు.

సెప్టెంబరులో, మందలు కిందికి దిగడానికి ముందు, ఒక ఉదయం ఫిర్మెన్‌కు వీపు చల్లగా తగిలి మెలకువ వచ్చింది. తూపీ పక్కన లేదు. గబుక్కున లేచి చూశాడు. దొడ్డికి ఆ చివర, ఆలస్యంగా పుట్టిన గొర్రెపిల్ల ఒకటి తూపీ పొట్టకు ఆనుకుని పడుకుని ఉంది. తల్లిగొర్రె పక్కనే నెమరు వేస్తోంది. తూపీ కళ్ళు తెరిచే ఉన్నాయి, అడవి వైపు చూస్తోంది.

పాఠం ప్రకారం పిలవకూడదు. ఫిర్మెన్ పిలిచాడు. తూపీ తోక నేలమీద ఒకసారి కొట్టింది, కదల్లేదు. ఇంకోసారి పిలిచాడు. తోక కూడా ఊపలేదు. అప్పుడు ఫిర్మెన్‌కు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ అందరికీ చెప్పింది సరిగ్గా ఇదే అని తెలిసినా ఏడుపొచ్చింది.

ఆ రోజే సొలేన్ వచ్చి చూసి, ఎప్పుడూ నవ్వని పిల్ల నవ్వింది. ఇంక గుడిసెలోకి మారిపోవచ్చని, మంచం మీద హాయిగా పడుకోమని అంది.

"ఇంకో నాలుగు రోజులు చూద్దామమ్మాయ్. అలవాటు గట్టిపడాలిగా" అన్నాడు ఫిర్మెన్, నిపుణుడి గొంతుతో.

సాయంత్రం దుప్పటి పట్టుకెళ్ళి కాస్త తూపీకి దగ్గరగా పరుచుకున్నాడు. తూపీ లేచి మంద చుట్టూ ఒక తిరుగుడు తిరిగింది. ఒక కుంటి గొర్రె దగ్గర ఆగి చూసింది, గొర్రెపిల్ల దగ్గర ఆగి చూసింది, ఫిర్మెన్ దగ్గరా అంతే సేపు ఆగి, ఉన్నాడని చూసుకుని ముందుకు వెళ్ళిపోయింది.