తమ్ముడికి చెప్పకూడని మాట

మా తమ్ముడు లిఫ్టులు బాగుచేస్తాడు. పెద్ద పెద్ద భవనాల అడుగున, నూనె మరకల గుంతలో నిలబడి, నెత్తిన వేలాడే ఇనప డబ్బా కింద హాయిగా కూనిరాగాలు తీస్తూ పనిచేస్తాడు. అదే మనిషికి కాస్త తలనొప్పి వచ్చిందా, మెదడులో గడ్డేనని తేల్చేసుకుని, బీరువా తాళాలు ఎక్కడుంటాయో పెళ్లానికి అప్పగింతలు మొదలుపెడతాడు. ఇంట్లో వాణ్ని ‘అనుమానం’ అంటాం. ఆ పేరు పెట్టింది అమ్మే.

అందుకే అమ్మకి జన్యు పరీక్ష చెయ్యాలని డాక్టరమ్మ అన్నప్పుడు నేను అమ్మ ముఖం కాదు, వాడి ముఖం చూశాను. సున్నం కొట్టినట్టు ఉంది.

పరీక్ష దాకా ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. అమ్మ దర్జీ. మా కొట్టులో కోటు కుట్టించుకున్నవాళ్లు ఇంకోచోటికి వెళ్లరు, ఆలస్యానికి తిట్టుకుంటూనే మళ్లీ మా గుమ్మమే ఎక్కుతారు. గుడ్డ మీద ఇంకా కత్తెర కూడా పడని రోజున ఎవరైనా వచ్చి “నా కోటేదమ్మా?” అని నిలదీస్తే అమ్మ తొణికేది కాదు. మెడలోంచి టేపు తీసి, “దాని పనే నడుస్తోంది. ఒక్కసారి ఇటు తిరగండి, భుజం దగ్గర చిన్న తేడా” అనేది. భుజం కొలిచి, చెయ్యెత్తించి, “ఆఁ, సరిపోయింది” అని తలూపేది. ఆ మనిషి తన కోటు సగం అయిపోయిందనుకుని సంతోషంగా వెళ్లిపోయేవాడు. నేనూ తమ్ముడూ కట్టింగ్ బల్ల కింద నోళ్లు మూసుకుని నవ్వు ఆపుకునేవాళ్లం.

ఇప్పుడు కొట్టు నేను నడుపుతున్నాను, వెనక గదుల్లోనే అమ్మా నేనూ ఉంటాం. ఆ విద్య మాత్రం నాకు అబ్బలేదు. నాకు అరవడమే వచ్చు. ఆ ధాటికి తట్టుకోలేకే మా ఆయన తన దారి తాను చూసుకున్నాడు.

అలాంటి అమ్మ ఒకరోజు ఒకే కోటుకి రెండూ ఎడమ చేతులే కత్తిరించింది. చూసుకుని ముగ్గురం పగలబడి నవ్వాం. కొత్త గుడ్డ తెచ్చి ఇస్తే మళ్లీ రెండూ ఎడమవే. ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు. ఆ తర్వాత కాలుతున్న ఇస్త్రీపెట్టెని గుడ్డల మధ్య వదిలెయ్యడం, పొద్దున మాట్లాడిన మనిషినే సాయంత్రం “ఎవరండీ మీరు?” అనడం మొదలయ్యాయి. స్కానులు తీశారు. వెన్నులోంచి నీరు తీసి చూశారు. అల్జైమర్స్, ఇంకా మొదటి దశే అన్నారు.

“మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీను పేరుకుపోతోంది,” అంది డాక్టరమ్మ. ఓపికగల మనిషి, అమ్మ వైపే చూస్తూ చెప్పింది. “దాన్ని తొలగించే మందులు ఈమధ్యే వచ్చాయి. సెలైనులా నరంలోకి ఎక్కిస్తాం. జబ్బు పోతుందని చెప్పను, ముదరడం కాస్త నెమ్మదిస్తుంది. కానీ ఆ మందుతో కొందరికి మెదడు వాస్తుంది, లోపల రక్తం చిమ్ముతుంది. చాలామందికి అదే తగ్గిపోతుంది, ఎవరో కొందరికి ప్రాణం మీదికొస్తుంది. ఎవరికి ప్రమాదం ఎక్కువో ఒక జన్యువుని బట్టి తెలుస్తుంది. అందులో చెడ్డ రకం ఒక కాపీ ఉంటే జాగ్రత్తగా ఇస్తాం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ వచ్చి ఉంటే మా ఆసుపత్రిలో ఇవ్వం.”

“రెండూ ఉంటే పిల్లల సంగతి?” అన్నాడు తమ్ముడు.

“ప్రతి బిడ్డకీ ఒకటి తప్పకుండా వెళ్తుంది. ఒకటి ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చేస్తుందని కాదండీ. వచ్చే అవకాశం పెరుగుతుంది. చాలామందికి ఎప్పటికీ రాదు కూడా.”

ఆ చివరి మాట వాడి చెవికెక్కలేదని నాకు తెలుసు.

బయట వరండాలో నా చెయ్యి పట్టుకున్నాడు. “అక్కా, నీకు దణ్ణం పెడతా. ఫలితం ఏదైనా నాకు చెప్పొద్దు. అమ్మకి మందు ఇస్తారా, ఎప్పుడు ఇస్తారు, అంతవరకే చెప్పు. నాకు ఒకటుందని తెలిస్తే మా పాప ముఖం చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది. తాళంచెవి ఎక్కడో పెట్టి మర్చిపోయినా వచ్చేసిందనుకుంటాను. బతకలేను.”

“సరేరా.”

“నువ్వు ముఖం చిట్లించినా నాకు తెలిసిపోతుంది. అది కూడా చెయ్యకు.”

నవ్వొచ్చింది, జాలీ వేసింది. వాడి మీద ఒట్టేసి మాటిచ్చాను.

ఫలితం రోజున అమ్మా నేనూ మాత్రమే వెళ్లాం. రెండు కాపీలు. డాక్టరమ్మ ఆ మాట మెత్తగానే చెప్పింది. రెండు కాపీలున్నవాళ్ల కోసమే వేరే పరిశోధనలు జరుగుతున్నాయని, మాత్రల మీద కూడా ప్రయత్నాలు సాగుతున్నాయని, అమ్మకి తగినది ఏదైనా మొదలైతే తనే కబురు చేస్తానని అంది. ఇవాళ్టికి మాత్రం తన చేతిలో ఏమీ లేదంది. నాకు ఆమె మీద అరవాలనిపించింది. అరవడానికి ఆమె చేసిన తప్పేమీ లేదు.

అమ్మ కాసేపు తన వేళ్లు చూసుకుంది. ఆరోజు తల తేటగానే ఉంది. “ఇల్లూ వాకిలీ పంచలేకపోయానుగానీ, ఇది మాత్రం పిల్లలిద్దరికీ సమానంగా పంచానన్నమాట,” అంది. డాక్టరమ్మకి నవ్వాలో వద్దో తెలియలేదు.

మెట్లు దిగుతుండగానే నా మోచెయ్యి పట్టుకుంది. “చిన్నోడికి తెలియకూడదే. హడలి చస్తాడు.”

“మరి నాకో?” అన్నాను. ఇక ఆగలేదు. “నాకూ ఒకటి వచ్చిందిగా! నేనేమైనా రాయినా?”

“నువ్వు గట్టిదానివి.”

“ఎవరు చెప్పారు నీకు?”

“ఎవరో చెప్పాలా? నీ నోరు వినబడుతూనే ఉందిగా!”

చుట్టూ ఉన్నవాళ్లు మా వైపు చూశారు. నేను ముఖం తిప్పుకున్నాను. గట్టిదానివి అని ఒక్క మాట అనేస్తే చాలు, ఆ మనిషిని ఇంక ఏమీ అడగక్కర్లేదు. చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో ఇదే వరస. వాడికి జ్వరమొస్తే ఇల్లంతా ఒంటికాలి మీద నిలబడేది, నాకొస్తే కషాయం గిన్నె నేనే దించుకునేదాన్ని.

బస్సులో అమ్మే పథకం వేసింది. మందు నువ్వే వద్దన్నావని చెబుదామా అన్నాను. “వద్దంటే వాడు కాళ్లావేళ్లా పడి ఒప్పిస్తాడు. మందు ఇస్తారట, ఇంకా తేదీ చెప్పలేదు అందాం. వాయిదా వెయ్యడం నాకు రాదా? నువ్వు నోరు తెరవకు, నీ ముఖంలో అన్నీ కనబడతాయి. నేను చూసుకుంటా,” అంది. రెండు స్టాపుల తర్వాత, “ఇంతకీ మనం ఎక్కడికెళ్లొస్తున్నామే?” అని అడిగింది. మళ్లీ మొదటినుంచి చెప్పాను. మళ్లీ అదే పథకం, కొత్తగా తట్టినట్టు, తనే వేసింది. కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

సాయంత్రం తమ్ముడు పని నుంచి తిన్నగా కొట్టుకే వచ్చాడు. పనిముట్ల సంచీ కింద పెట్టి, నా వైపు చూడకుండా, మిషను చక్రం వైపు చూస్తూ అడిగాడు.

“ఏమన్నారమ్మా? మందు ఎప్పటినుంచి?”

అమ్మ తలెత్తింది. ఆ ముఖం చూడగానే నాకు అర్థమైపోయింది. పథకం లేదు, ఆసుపత్రి లేదు, రెండు కాపీల సంగతి లేదు, అన్నీ చెరిగిపోయాయి. ఎవరో ఏదో అడుగుతున్నారు, జవాబు చెప్పాలి, అంతవరకే అందినట్టుంది. నేను దారం పంట కొరుకుతూ తలొంచుకున్నాను. నోరు తెరిస్తే కొంప మునుగుతుంది.

అమ్మ చెయ్యి మెడ దగ్గరికి వెళ్లింది. టేపు తీసింది.

“దాని పనే నడుస్తోంది రా. ఒక్కసారి ఇటు తిరుగు, భుజం దగ్గర చిన్న తేడా.”

ఒక్క క్షణం అమ్మయ్య అనుకున్నాను. మరుక్షణం తట్టింది. లోకంలో ఎవరి దగ్గరైనా పారే ఎత్తు అది, ఒక్క మా ఇద్దరి దగ్గర తప్ప. కొలత తీస్తోందంటే గుడ్డ మీద కత్తెర పడలేదని మాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? అంటే మందు లేదు. మందు ఎందుకు లేదో వాడికి వేరే చెప్పాలా? ఆ జబ్బు గురించి రాసినవన్నీ చదివి, ఆ తర్వాతే నాకేమీ తెలియకూడదు అనే రకం వాడు.

వాడు కదల్లేదు. పడిపోతాడేమోనని స్టూలు కాలితో వాడి వైపు నెట్టాను. కూర్చోలేదు. మెల్లగా వెనక్కి తిరిగి, భుజాలు అమ్మకి అప్పగించాడు. అమ్మ కొలిచింది. చెయ్యెత్తమంటే ఎత్తాడు.

“ఆఁ, సరిపోయింది,” అని టేపు మెడలో వేసుకుంది. కాసేపటికి మళ్లీ తీసింది. “ఒక్కసారి ఇటు తిరుగు.”

మళ్లీ తిరిగాడు. కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

“ఎంతొచ్చిందమ్మా?” అన్నాడు.

“ఎడమ భుజం అర అంగుళం దిగింది. ఆ సంచీ అటువైపే మోస్తున్నావు. మార్చుకో.”

“మార్చుకుంటానమ్మా.”

నాకు అక్కడ ఉండబుద్ధి కాలేదు. షట్టరు దించాలన్న వంక పెట్టుకుని వీధిలోకి వచ్చాను. వెనకే వాడూ వచ్చాడు. వాడు అడగకముందే నేను అందుకున్నాను. “నేనేమీ చెప్పలేదు. ఒట్టు. ముఖం కూడా చిట్లించలేదు. నువ్వు ఇప్పుడు గోల చెయ్యకు. డాక్టరమ్మ ఏమందో గుర్తుందా? ఒకటుంటే వస్తుందని కాదంది. నీకు మాత్రం ఆ మాట...”

“అక్కా,” అన్నాడు. “మరి నీకూ ఉన్నట్టేగా.”

నేను షట్టరు కొక్కెం అందుకున్నాను.

“ఎప్పుడు తెలిసింది నీకు?”

“పొద్దున.”

“పొద్దుట్నుంచి ఒక్కదానివే మోస్తున్నావా?”

తిడదామని నోరు తెరిచాను. నీకేరా, నీకు అందరూ ఉన్నారు అందామనుకున్నాను. ఏడుపొచ్చింది. నడివీధిలో, ఎదురుగా మందుల కొట్టువాడు చూస్తుండగా, వెక్కి వెక్కి ఏడ్చాను. ఇన్నేళ్లలో నన్ను అడిగినవాళ్లు లేరు. అడిగినవాడు, మా ఇంట్లో అందరికంటే పిరికివాడు.

“భయమేస్తోందా?”

“చచ్చేంత వేస్తోంది రా.”

నా చేతిలోంచి కొక్కెం తీసుకుని షట్టరు సగం దాకా దించాడు. రెండో చేత్తో జేబులోంచి ఫోను తీసి ఇంటి నంబరు నొక్కాడు.

“ఇలాంటిది తెలిసిన రాత్రి అస్సలు నిద్ర పట్టదక్కా. నాకు బాగా తెలుసు,” అన్నాడు. “నేనిక్కడే పడుకుంటాలే.”